కండ ఉంది, కాలే లేవడం లేదు

మీ అమ్మగారికి 70 ఏళ్ళు, కాళ్ళు సన్నబడలేదు, మోకాళ్ళ నొప్పీ లేదు, అయినా సోఫాలోంచి లేవలేకపోతున్నారు, ఇది వయసు వల్లేనా అని అడిగారు. మా నాయన సంగతి చెబుతాను.

మాది తిరుపతి. నాయన ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయేవారు. 71వ ఏట వంటింటి గడప తగిలి బోర్లా పడ్డారు. ఆ గడప అంతకుముందూ తగిలేది, కానీ రెండో కాలు చటుక్కున ముందుకేసి నిలదొక్కుకునేవారు. "కాలు వేద్దామనుకున్నా, వేసేలోపే పడిపోయినా" అన్నారు. పిక్కలేమో ఎప్పటిలాగే గట్టిగా ఉన్నాయి.

నరాల డాక్టరుగారు ఆ మాట పట్టుకునే వివరించారు. కండను కదిలించే నరకణాలు వెన్నుపాములో ఉంటాయి. 60 దాటాక అవి కొద్దికొద్దిగా పోతుంటాయి. నరం తెగిన కండపోగుల్లో కొన్నింటిని పక్క నరం చేరదీస్తుంది, మిగతావి ఎండిపోతాయి. ఎక్కువ దెబ్బ తినేవి వేగంగా కదిలే పోగులే. అందుకే కండ కన్నా బలం, బలం కన్నా వేగం ముందు తగ్గుతాయి. కుర్చీలోంచి లేవాలన్నా, తూలితే ఆపుకోవాలన్నా ఆ వేగమే కావాలి. రోజూ నడుస్తున్నారు కదా అని మేం ధీమాగా ఉన్నాం. నిదానపు నడక ఒక్కటే దీనికి చాలదు.

ఫిజియోథెరపిస్ట్ కుర్చీని గోడకు ఆనించి, చేతులు కట్టుకుని లేవమన్నారు. లేవడం చటుక్కున, కూర్చోవడం నిదానంగా. మొదట ఐదుసార్లు కూడా కాలేదు, కింద దిండు వేశాం. ఆరు వారాలకు దిండు తీసేశాం. పిక్క లావు పెరగలేదు. మొదట్లో మెరుగయ్యేది ఎక్కువగా నరం కండను పిలిచే తీరేనట. 1990లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, వృద్ధాశ్రమంలోని 90 ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు బరువులు ఎత్తిస్తే తొడల బలం రెండింతలు దాటింది!

అయితే వయసే అని మీరే తేల్చేయకండి. షుగర్, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, నాయనకు అదే జరిగింది. చెప్పు జారిపోయినా తెలియకపోతే నరాల డాక్టరుకు చూపించండి. ఒక పక్కే బలహీనపడినా, ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈరోజే అమ్మగారి పక్కన నిలబడి, 30 సెకన్లలో చేతి ఊతం లేకుండా ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టి రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.