అమ్మ పింఛను తీసుకుంటుందని చెప్పడానికి సిగ్గుపడ్డాను

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. పెళ్ళై రెండేళ్ళయింది, ఇప్పుడు ఐదో నెల. మాది పల్నాడులో ఒక పల్లె. 2015లో నాన్న కరెంట్ షాక్ కొట్టి పోయారు. అప్పటి నుంచి అమ్మ కూలికి వెళ్తూ, వితంతు పింఛనుతో, రేషన్ బియ్యంతో నన్ను పెంచింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్ చదివాను. అత్తగారింట్లో మాత్రం అమ్మకి ఎకరం పొలం ఉందని, దాని కౌలు మీద బతుకుతోందని చెప్పాను. మా వారికీ అంతే తెలుసు. రెండు నెలల క్రితం అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. భోజనాల దగ్గర మా బావగారు, అంటే మా వారి అన్నయ్య, పథకాల మాట ఎత్తారు. "ఒకటో తారీఖు వస్తే వాళ్ళకి పండగ. మనం టాక్స్ కడుతుంటే వాళ్ళు కూర్చుని తింటున్నారు. అందుకే పొలాల్లోకి కూలీలు దొరకడం లేదు" అన్నారు. అందరూ అవునన్నారు. నేనూ తలూపాను. అమ్మ వంటింట్లోంచి అంతా వింది. మర్నాడు స్టేషన్‌లో "ఇక ఆ పింఛను మానెయ్యమ్మా, నెలకి ఐదు వేలు నేను పంపిస్తాను" అన్నాను. "నీ ఇష్టంలే" అంది. అప్పటి నుంచి తనంతట తాను ఫోన్ చేయడం లేదు. పంపిన డబ్బు ముట్టుకోలేదు. నేను చెప్పింది తప్పా? మా వారికి నిజం చెప్పాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు:

అమ్మా, మీరు తలూపిన సంగతి దాచకుండా రాశారు. అది రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నేనూ దాచకుండా చెబుతాను. మీ అమ్మగారిని ఎక్కువ నొప్పించింది మీ బావగారి మాట కాకపోవచ్చు. అలాంటి మాటలు ఆవిడ పదేళ్ళుగా వింటూనే ఉండి ఉంటారు. రేషన్ షాపు దగ్గర, చేలో గట్టు మీద, చుట్టాల పెళ్ళిళ్ళలో. "నీకేమమ్మా, ఒకటో తారీఖు వస్తే గవర్నమెంటే ఇంటికొచ్చి ఇస్తుంది" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళని పట్టించుకోకుండా బతకడం ఆవిడకి అలవాటై ఉంటుంది. మర్నాడు స్టేషన్‌లో అదే మాట కూతురి నోట వచ్చింది. మీరు అన్నది "మానెయ్యి" అనే. ఆవిడకి వినిపించింది మాత్రం "నీ వల్ల నాకు తలవంపులు" అని. డబ్బు ముట్టుకోకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూడండి. మీ నాన్నగారు పోయిన 2015లో ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పింఛను నెలకి వెయ్యి రూపాయలు. రోజుకి 33 రూపాయలు. ఆ డబ్బుతో ఏ తల్లీ కూర్చుని తినలేదు, కూతుర్ని ఇంజనీరింగ్ చదివించలేదు. 2019 జనవరిలో అది రెండు వేలైంది. తర్వాత కొంచెం కొంచెంగా పెరిగి 2024 జనవరికి మూడు వేలకి చేరింది. అదే ఏడాది జులై ఒకటిన నాలుగు వేలు, ఏప్రిల్ నుంచి పెంచిన బకాయి మూడు వేలు, మొత్తం ఏడు వేలు ఒకేసారి చేతికిచ్చారు. మీ పెళ్ళి ఆ రోజుల్లోనే జరిగినట్టుంది. ఆ ఏడు వేలు ఏ ఖర్చుకి పోయాయో ఎప్పుడైనా అడిగారా?

ఇప్పటి నాలుగు వేలు కూడా రోజుకి 133 రూపాయలే. అందుకే ఆవిడ ఇంకా మిరప కోతలకి వెళ్తూ ఉండి ఉంటారు. ఈసారి ఆవిడ చేతులు చూడండి. కూలి పని చేసే చాలామంది ఆడవాళ్ళకి వేళ్ళు అరిగిపోయి పింఛను రోజున మెషీన్ మీద వేలిముద్ర పడదు. ఒక వేలు, ఇంకో వేలు, చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఇంకో వేలు. కూర్చుని తినే మనిషికి వేలిముద్రలు అరగవు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మకి నెలకి 75 రూపాయల పింఛను వచ్చేది. మా మామయ్య మంచివాడు, తిండికీ బట్టకీ ఏ లోటూ చేయలేదు. అయినా అమ్మమ్మ పింఛను వచ్చే రోజు కోసం చూసేది. ఆవిడకి చుట్టల అలవాటు. చుట్టలకి డబ్బులు కొడుకుని అడగడం ఆవిడకి ఇష్టం లేదు, అంతే. 75 రూపాయల్లో చుట్టలు పోగా మిగిలింది కొంగున ముడేసుకుని, మాకు తలా ఒక రూపాయి ఇచ్చేది. ఆ రూపాయి ఇచ్చేటప్పుడు ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

మీరు ఇస్తానన్న ఐదు వేలు లెక్కలో ఎక్కువే. కానీ పింఛను మీ అమ్మగారి పేరు మీద వస్తుంది. ఎవరి మూడ్ ఎలా ఉన్నా, అల్లుడికి తెలిసినా తెలియకపోయినా వస్తుంది. మీరు పంపేది మీ ఉద్యోగం మీద, మీ సంసారం మీద ఆధారపడి ఉంటుంది. రేపు డెలివరీ తర్వాత మీరు కొన్నాళ్ళు ఉద్యోగం మానేయాల్సి వస్తే? కూతురి దగ్గర నోరు తెరిచి అడిగే పరిస్థితి ఏ తల్లీ కోరుకోదు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో పిల్లలు బాగా చూసుకునేవాళ్ళు కూడా ఈ మాటే చెబుతారు. కాబట్టి డబ్బు పంపండి, తప్పకుండా పంపండి. ఆ పింఛను ఉండగానే, దానికి తోడుగా పంపండి.

మీ బావగారి మాటకి వస్తాను. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఊళ్ళో కూలీలు దొరక్క రైతులు ఇబ్బంది పడుతున్న మాట నిజం. కానీ దానికి కారణం పింఛనుదారులా? పింఛను అందుకునేవాళ్ళలో ఎక్కువమంది భర్త పోయినవాళ్ళు, వృద్ధులు, వికలాంగులు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, ఇలాంటివాళ్ళే. చేలో దిగాల్సిన వయసు వాళ్ళు చదువుకుని పట్నాలకి వచ్చేశారు, మీలాగే. మీ పల్నాడుకి, గుంటూరుకి ఏటా మిరప కోతల కోసం ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. పిల్లల్ని బడి మాన్పించి, చేల పక్కన గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉంటాయి. వాళ్ళలోనూ రేషన్ కార్డులు ఉన్నవాళ్ళు ఉన్నారు, ఇంటి దగ్గర పింఛను తీసుకునే ముసలివాళ్ళు ఉన్నారు. ఉచిత బియ్యం ఎవర్నైనా సోమరిని చేసేదైతే వాళ్ళు ఇల్లు వదిలి అంత దూరం వచ్చేవారే కాదు.

"మా టాక్స్" అనే మాట కూడా చాలా ఇళ్ళలో వింటుంటాను. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి జీతంలోంచి అది పోవడం కనబడుతుంది, అందుకే మంట. మీ అమ్మగారు ఫోన్ రీఛార్జ్ చేయించుకున్న ప్రతిసారీ అందులో 18 శాతం జీఎస్టీ కడుతున్నారు, అది ఆవిడకి కనబడదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి హోమ్ లోన్ వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది. దాన్ని ఎవరూ ఉచితం అనరు, తీసుకునేవాళ్ళు ఎవరికీ దాచరు. దాచాల్సిన అవసరం లేదు కూడా. వృద్ధాప్యంలో, జబ్బులో, వైకల్యంలో, తన తప్పు లేకుండా వచ్చిపడే లేమిలో మనిషికి ప్రభుత్వ సాయం అందేలా చూడాలని మన రాజ్యాంగం 41వ అధికరణంలోనే ఉంది. మీ అమ్మగారికి భర్త చనిపోవడం ఆవిడ తప్పు కాదు.

అర్హత లేనివాళ్ళు తీసుకుంటున్నారన్న కోపం మాత్రం న్యాయమైనదే. దొంగ సర్టిఫికెట్లతో పింఛన్లు తీసుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం చేసే తనిఖీల్లో నిజంగా నడవలేనివాళ్ళు కూడా మళ్ళీ ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి వస్తోంది. అందుకే మీకు ఒక జాగ్రత్త చెబుతున్నాను. పింఛనుకి కుటుంబ ఆదాయం పల్లెలో నెలకి పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటకూడదు. ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు గానీ, గవర్నమెంటు ఉద్యోగి గానీ ఉండకూడదు. కారు ఉండకూడదు. మీ పేరు ఇంకా మీ అమ్మగారి రైస్ కార్డులోనే ఉంటే సచివాలయంలో అడిగి, పెళ్ళయిందని చూపించి తీయించుకోండి. వేరే సంసారం పెట్టుకున్నాక మీ పేరు అక్కడ ఉండడం సరికాదు, దానివల్ల ఆవిడకి ఇబ్బంది కూడా రావచ్చు. ఒంటరిగా, ఆ కార్డు మీద, ఆ కూలి మీద బతుకుతున్న మనిషిగా ఆవిడ అర్హురాలైతే ఇక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సినవి. మొదట అమ్మతో మాట్లాడండి, ఫోన్‌లో కాకుండా ఎదురుగా. డాక్టర్ని అడిగి, సరేనంటే ఊరికి వెళ్ళి రెండు రోజులు ఉండండి. "నిన్ను ఆ రోజు చిన్నబుచ్చాను. తలూపకుండా ఉండాల్సింది. పింఛను మానెయ్యమనడం నా తప్పు" అని ఇంతే చెప్పండి. ఎందుకు అలా అన్నారో వివరించడం మొదలుపెడితే అది క్షమాపణలా ఉండదు. ఆవిడ "పోనీలే, ఎవరూ అనని మాటా" అని కొట్టేస్తారు. అయినా చెప్పడం ఆపకండి. ఐదు వేల సంగతి ఈసారి ఎత్తకండి.

తర్వాత, పొలం అబద్ధం సరిదిద్దాలా వద్దా అని ఆవిడనే అడగండి. అది ఆవిడ బతుకు గురించి మీరు చెప్పిన అబద్ధం, కాబట్టి ఆవిడ ఒప్పుకున్నాకే బయటపెట్టాలి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. మీవారితో ఒంటరిగా ఉన్నప్పుడు, అత్తగారి చెవిన పడకముందే చెప్పండి. ఆయనకి కోపం రావచ్చు. పింఛను మీద కంటే, రెండేళ్ళు ఎందుకు దాచావన్న దాని మీద వస్తుంది. ఆ కోపం ఆయన పడనివ్వండి. అన్నయ్యగారి మాటలకి ఎదురు చెప్పమని మాత్రం ఆయన్ని ముందే ఇరికించకండి.

బావగారితో వాదన పెట్టుకోవద్దు. పైన నేను చెప్పిన లెక్కలు మీ ధైర్యం కోసం, భోజనాల దగ్గర అప్పజెప్పడానికి కాదు. మళ్ళీ ఆ మాట వస్తే, అమ్మ సరేనని ఉంటే, "బావగారూ, ఆ పింఛను తీసుకునేవాళ్ళలో మా అమ్మ ఒకరు. నేను ఆ ఇంట్లోంచే చదువుకుని వచ్చాను" అని మామూలు గొంతుతో అనండి. అన్నాక వడ్డన కొనసాగించండి. ముఖం ఎరగని జనాన్ని తిట్టడం తేలిక. ఆ జనంలో తమ్ముడి అత్తగారూ ఉన్నారని తెలిశాక ఆయనే ఆలోచించుకుంటారు.

పురిటికి మీ అమ్మగారు వచ్చి ఉండాలని మీకు ఉంటుంది. ఒకటో తారీఖుకి ఊళ్ళో లేకపోతే పింఛను పోతుందేమోనని ఆవిడ వెనకాడవచ్చు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివర్లో తెచ్చారు. ఊళ్ళో ఉన్నప్పుడే సచివాలయంలో ఈ సంగతి కనుక్కుని పెట్టుకోండి.

అమ్మ ఒప్పుకుని, మీవారికి నిజం చెప్పాక, ఇద్దరూ కలిసి ఊరికి ఇంకోసారి వెళ్ళండి. నెలాఖరున బయల్దేరితే ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్ళు వచ్చి మీ అమ్మగారి పేరు పిలిచేటప్పుడు మీ వారు ఆ వాకిట్లో ఉంటారు.