మూడు మానిటర్లు సరే, లాగే ఇంజనేదీ?

ప్రశ్న: నమస్తే సార్. మాది గాజువాక, పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీ. డ్యూటీ దిగి వచ్చాక ఓ రెండు గంటలు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడటం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. లారీ క్యాబిన్‌లో కూర్చుంటే అటూ ఇటూ కిటికీలు కనపడతాయి కదా, అలా రెండు పక్కలా మానిటర్లు పెట్టి మూడింటితో సెట్ వేద్దామనుకున్నా. ఎప్పుడైనా ఫ్రెండ్స్‌తో వాలరాంట్ అనే కాల్పుల ఆట. మానిటర్లతో కలిపి బడ్జెట్ 80 వేలు, దాటితే ఇంట్లో గొడవే. ఒక షాపులో ఈ కొటేషన్ రాసిచ్చారు: ఐ7-4790 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీ 730 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఏడు రంగుల ఫ్యాన్ల క్యాబినెట్, 500 వాట్ల పవర్ సప్లై, మూడు 22 అంగుళాల కొత్త మానిటర్లు. ‘ఐ7 ఉంది, మానిటర్లకి మూడు పోర్టులున్నాయి, ఇంకేటి కావాలండీ’ అన్నాడాయన. తీసేసుకోనా? ఇంట్లో పాత మానిటర్ కూడా ఒకటుంది, దానికి పాతకాలపు వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది.
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దండీ. అడ్వాన్సు ఇచ్చి ఉండకపోతే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నవ్వుతూ బయటికొచ్చేయండి. ఆ ఐ7-4790 ఇంటెల్ 2014లో వదిలిన ప్రాసెసర్, అంటే మన ఊరికి హుద్‌హుద్ వచ్చిన ఏడాదిది. అప్పట్లో దొరబాబే, కాదనను, కానీ ఐ7 అన్నది బిరుదు లాంటిది, ఏ తరానిదో చూడకుండా బిరుదుకి డబ్బు కట్టకూడదు. నాలుగు కోర్లు (పనిచేసే చేతులు), 8 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనుల వరసల) ఆ ప్రాసెసర్ కన్నా 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ అదే నాలుగు కోర్లు, 8 థ్రెడ్లతో ఎంతో చురుగ్గా పనిచేస్తుంది. ఇంకో చిక్కు, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, మీకు రాసిచ్చింది 4వ తరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పోనీ ఏదో తిప్పలు పడి 11 ఎక్కించుకున్నా, విండోస్ 11 మీద వాలరాంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్ అనే ఇంకో భద్రతా తాళం రెండూ అడుగుతుంది. అప్పుడు ఫ్రెండ్స్ లోపల, మీరు బయట.

కార్డు సంగతి అంతకన్నా అన్యాయం. జీటీ 730 వెనక వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ అని మూడు పోర్టులుంటాయి, ఆయన చెప్పిన ‘మూడు’ అదే. పోర్టులుండటం వేరు, ఆ మూడింటి మీదా బొమ్మని పరిగెత్తించడం వేరు. మూడు ట్రాలీలు తగిలించుకోడానికి కొక్కేలు ఉన్నాయి కదా అని లూనాకి తగిలిస్తామా?

అసలు మీ ఉత్తరంలో నాకు నచ్చింది ఏంటంటే, మూడు మానిటర్లు ఎందుకో మీరే చెప్పారు. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది ‘మూడు మానిటర్లు’ అంటారు తప్ప ఆట మూడింటి మీదా పరుచుకోవాలా, లేక ఆట మధ్యలో ఆడుతూ పక్కన ఒకదాంట్లో యూట్యూబ్, ఒకదాంట్లో డిస్కార్డ్ చాట్ పెట్టుకుంటారా అన్నది చెప్పరు, మొత్తం ఖర్చు ఆ ఒక్క మాట మీదే ఉంటుంది. పక్కన యూట్యూబే అయితే ఏ మామూలు కార్డైనా చాలు, పాత మానిటర్ ఏదైనా చాలు. మీది అలా కాదు, రోడ్డు మూడింటి మీదా సాగాలి. లెక్క చూడండి. 1920 బై 1080 మానిటర్ ఒక్కదాంట్లో 20.7 లక్షల చుక్కలు, మూడు కలిపితే 62 లక్షల పైనే. 4కే మానిటర్ ఒక్కదాంట్లో దాదాపు 83 లక్షలు. అంటే మీరు బడ్జెట్ కంప్యూటర్‌ని 4కేలో ముప్పాతిక పని చెయ్యమంటున్నారు. అదృష్టం ఏంటంటే మీ లారీ ఆట 2012లో వచ్చింది, కార్డుని మరీ పిండదు. కొత్త పెద్ద ఆటలేవైనా మూడింటి మీదా ఆడతానంటే మాత్రం ఈ బడ్జెట్ మర్చిపొమ్మనేవాణ్ణి. వాలరాంట్ ఎటూ మధ్య మానిటర్‌లోనే ఆడండి, దాని చూపు 16:9కి, అంటే ఒక్క మామూలు మానిటర్ వెడల్పుకి, మించి వెడల్పు అవ్వదు.

ఇక నా కొటేషన్. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రూపాయల్లో రాయను, వాటాల్లో రాస్తాను. మొత్తంలో మూడో వంతుకి మించకుండా మానిటర్లకి తీసిపెట్టండి. మిగిలినదాంట్లో 40 శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకి. ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 6600 కొత్తది దొరికితే అదే, 8 జీబీ మెమరీ, 132 వాట్లే తింటుంది, చాలా మోడళ్లకి మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. అది దొరక్కపోతే ఆర్ఎక్స్ 7600. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే పెట్టె వెనక ఫోటో చూడండి, దానికి సాధారణంగా రెండే పోర్టులు, మూడో మానిటర్‌ని చేత్తో పట్టుకుని కూర్చోవాలి. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టుకోండి అనే సలహా కూడా వస్తుంది, వినకండి. అది ఒకే బొమ్మని రెండు చోట్ల చూపిస్తుంది, రోడ్డుని వెడల్పు చెయ్యదు.

ప్రాసెసర్‌కి రైజెన్ 5 5600, ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, దాంతో వచ్చే కూలరే సరిపోతుంది. దాన్ని కూర్చోబెట్టడానికి బీ550 మదర్‌బోర్డు, బడ్జెట్ బిగిస్తే బీ450 అయినా పర్లేదు. ఏఎం5 అనే కొత్త రకం బోర్డుకి వెళ్తే రేపు ప్రాసెసర్ మార్చుకోడానికి దారి ఉంటుంది, నిజమే, కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ కావాలి, అక్కడే జేబు చిరుగుతుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశారుగా. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ మన విశాఖలోనే 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటిస్తే అందరం చప్పట్లు కొట్టాం, ఆ పక్కనే ఉన్న గాజువాక కుర్రాడు రెండు ర్యామ్ ముక్కలు కొనడానికి ఆలోచించాల్సి వస్తోంది, ఏం చేస్తాం. 16 జీబీ చాలు, కానీ ఒకే ముక్కగా కాదు, 8 జీబీవి రెండు తీసుకోండి, రెండు దారుల్లో నడిస్తేనే ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. క్యాబినెట్ ముందుభాగం జాలీది, రంగులు లేనిది.

పవర్ సప్లై దగ్గర మాత్రం కాస్త ఆగండి. మీ కాగితంలో 500 వాట్లు అని ఉంది, కంపెనీ పేరు లేదు. షాపులో దాన్ని చేతిలోకి తీసుకోండి, బెల్లం అట్టు అంత తేలిగ్గా ఉంటే అనుమానించండి. తర్వాత పక్కన స్టిక్కర్ మీద +12వీ అన్న వరస చూడండి. అక్కడ 18ఏ అని ఉంటే 12 ఇంటు 18, అంటే 216 వాట్లు. కార్డుకి, ప్రాసెసర్‌కి కరెంటు వెళ్లేది ఆ వరస నుంచే, పైన పెద్దక్షరాల్లో 500 అని రాసుకున్నా మీకు అక్కరకొచ్చేది ఆ 216. మంచి 550 వాట్ల దాంట్లో అదే వరసలో 45ఏ దాకా కనపడుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు), ఐదేళ్ల వారంటీ ఉన్నది అడగండి. నేను మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు ఇక్కడే 800 రూపాయలు మిగిల్చాను. ఓ ఎండాకాలం మధ్యాహ్నం ఠప్‌మంది, కాలిన వాసన, ప్లగ్గు పీకేలోపు హార్డ్ డిస్క్‌ని కూడా వెంట తీసుకుపోయింది. మా అక్క పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి, అక్క ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తుంది.

మానిటర్లు మూడూ ఒకే మోడల్ తీసుకోండి. ఏఎండీ వాళ్లు 2009లో తెచ్చిన ఐఫినిటీ అనే ఏర్పాటు మూడింటినీ కలిపి 5760 బై 1080 ఒకే తెరగా ఆటకి చూపిస్తుంది, సైజులు తేడాగా ఉంటే రోడ్డు మీద తెల్ల గీత ఒక మానిటర్ దాటి ఇంకోదానికి వెళ్లేచోట మెట్టు దిగినట్టు విరిగి కనపడుతుంది, పది నిమిషాలకే తలనొప్పి. మీ పాత వీజీఏ మానిటర్‌ని ఇందులో కలపకండి, ఎవరికైనా ఇచ్చేయండి. చవక మానిటర్లకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటుంది, కార్డుకేమో డిస్‌ప్లేపోర్టులు ఎక్కువ, కాబట్టి డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్లు రెండు కొనాలి, యాక్టివ్ అని రాసినవే తీసుకోండి. కొనేముందు టేబుల్ కొలవండి. 22 అంగుళాలది అడ్డంగా దాదాపు అర మీటరు, మూడు వరసగా పెడితే మీటరున్నర, నాలుగడుగుల టేబుల్ మీద పట్టవు. పక్కవి రెండూ లోపలికి వంచినా కీబోర్డు ముందు ఆట ఆడే స్టీరింగ్ వీల్‌కి చోటుందో లేదో పాత న్యూస్‌పేపర్లు ఆ సైజుకి మడిచి నిలబెట్టి చూసుకోండి, నవ్వకండి, నేను అలాగే చేశాను.

అన్నీ బిగించాక బొమ్మ రాకపోతే కంగారు పడొద్దు. మానిటర్ కేబుళ్లు బోర్డు పోర్టుకి కాకుండా కింద అడ్డంగా ఉండే కార్డు పోర్టులకి పెట్టారో లేదో చూడండి. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, బోర్డుకి పెడితే నల్లటి తెరే.

ప్రశ్న: సార్, మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. గేమింగ్ కంప్యూటర్‌కి ఇప్పటికే రెండు మానిటర్లు, మూడోది కావాలని పేచీ. కరెంటు బిల్లు భయంగా ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, వేరే యూపీఎస్ ఎందుకని మావారంటారు. ఇంకోటి, క్యాబినెట్ తుడుస్తుంటే చేతికి జివ్వుమంటుంది.
– ఓ తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిందే ముందు చూడాలి. జివ్వుమంటుందంటే ఎర్తింగ్ అందట్లేదు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో దూర్చి ఉంటారు, లేదా గోడ సాకెట్లోనే ఎర్త్ వైరు కలిపి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది సరిచేయించేదాకా తడి గుడ్డతో తుడవకండి.

బిల్లు మీరనుకున్నంత భయంకరం కాదు. ఆడేటప్పుడు కంప్యూటర్ ఓ 250 వాట్లు అనుకుంటే మానిటర్ ఒక్కోటి 20, 25 వాట్లే. అంటే మూడో మానిటర్ రోజుకి నాలుగు గంటలు వెలిగితే నెలకి మూడు యూనిట్లు. మొత్తం సెట్ కలిపి చూసినా నెలకి నలభై యూనిట్ల లోపు. వాడు ఆ గదిలో ఏసీ వేసుకుని ఆడుతున్నాడా, అది అడగండి, బిల్లు అక్కడుంది.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌దైతే (గోడ కరెంటు లాంటి నున్నటి కరెంటు ఇచ్చేది), దానికి యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే, అది వేసి ఒకసారి మెయిన్ ఆపి చూడండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వకపోతే మీవారి మాటే నిజం. స్క్వేర్ వేవ్‌దైతే ఒప్పుకోవద్దు. యూపీఎస్ కొంటే 600 వీఏది (వీఏ అన్నది యూపీఎస్ సైజు లెక్క) తేవద్దు, అలాంటివి ఎక్కువగా ఇచ్చేది 360 వాట్లే, మూడు మానిటర్లతో ఆడుతుంటే అంచు మీద ఉన్నట్టు. 1100 వీఏది తీసుకుని, పక్క మానిటర్లు రెండింటినీ దానికి కాకుండా మామూలు సాకెట్‌కి పెట్టమనండి. కరెంటు పోయినప్పుడు ఆట సేవ్ చేసి ఆపుకోడానికి మధ్యది ఒక్కటి చాలు. ఆపుకోడానికే, ఇంకో మ్యాచ్ ఆడటానికి కాదు, ఈ ముక్క నేను రాశానని వాడికి చదివి వినిపించండి.

ప్రశ్న: మా ఇల్లు భీమిలి బీచ్‌కి దగ్గర. రెండేళ్లకే క్యాబినెట్ స్క్రూలన్నీ తుప్పు, ముందు యూఎస్‌బీ పోర్టులు పనిచెయ్యట్లేదు. ఉప్పుగాలికి ఏం చెయ్యాలి?
– ఓ పాఠకుడు, భీమిలి

జవాబు: కంప్యూటర్‌ని కిటికీ పక్క నుంచి తీసి గదిలో లోపలి గోడ వైపు పెట్టండి, సగం తేడా అక్కడే కనపడుతుంది. నెలల తరబడి ఆపి ఉంచొద్దు, రోజూ కాసేపు నడిస్తే ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. నడుస్తున్నప్పుడు ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు. మన దగ్గర దుమ్ము చెమ్మతో, ఉప్పుతో కలిసి బోర్డు మీద జిగటగా అంటుకుంటుంది, ఉత్త బ్లోయర్‌కి ఊడదు, మెత్తటి బ్రష్‌తో కదిపి అప్పుడు ఊదాలి. ర్యామ్ ముక్కల కింద బంగారు రంగు పళ్లు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. తుప్పు పట్టిన పార్టుకి వారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతుల్లోనే రాస్తాయి, కాబట్టి కొన్న మొదటి ఏడాదిలోనే ఏ చిన్న తేడా వచ్చినా బిల్లు పట్టుకుని షాపుకెళ్లండి. యూఎస్‌బీకి మాత్రం క్యాబినెట్ మార్చేముందు ఒకసారి పక్క తలుపు విప్పి, ముందు పోర్టుల నుంచి వచ్చే వైరు బోర్డు మీద గట్టిగా కూర్చుందో లేదో చూడండి. నేను తుప్పే అనుకుని రెండుసార్లు క్యాబినెట్ మార్పించబోయాను, రెండుసార్లూ ఊడింది ఆ వైరే.