ఇంట్లో సీసపు గుండ్లు పోసుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. నాన్నగారి తర్వాత ఆయన .32 రివాల్వర్ నా పేరు మీద లైసెన్సుకు మారింది. తూటాల ధరలు చూస్తే గుండె గుభేలుమంటోంది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు గుండ్లు (తూటా కొసన ఉండే సీసపు ముక్కలు) ఇంట్లోనే పోసుకుంటాడు. సీసం కరిగించి అచ్చులో పోసి, బారెల్‌లో సీసం అంటుకోకుండా మైనం పట్టిస్తాడు, లేదంటే పౌడర్ కోటింగ్ వేస్తాడు. సంక్రాంతికి వస్తూ నాకూ ఒక అచ్చు తెస్తానంటున్నాడు. ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ షాపు ఉన్న నా స్నేహితుడు కోటింగ్ వేసిపెడతానన్నాడు. ప్రస్తుతానికి తూటాలో నింపే మందు (గన్‌పౌడర్) జోలికి పోను, ఉత్త సీసమే కదా. లైసెన్సు ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ముందు మీ మేనల్లుడికి ఫోన్ చేసి అచ్చు తేవద్దని చెప్పండి. మిగతాది తర్వాత చదవండి.

మీ దగ్గరున్నది ఆయుధం కలిగి ఉండటానికి, లైసెన్సులో రాసినన్ని తూటాలు కొనుక్కోవడానికి ఇచ్చిన అనుమతి. తయారీ సంగతి వేరు. ఆయుధాల చట్టం, 1959లో కలిగి ఉండటానికి సెక్షన్ 3 ఉంటే, తయారీకి సెక్షన్ 5 ఉంది. దానికి విడిగా లైసెన్సు కావాలి. సొంతానికే చేసుకున్నాను, అమ్మలేదు అన్న మాట ఇక్కడ పనికిరాదు. అమెరికా ఫెడరల్ చట్టంలో సొంత వాడకానికి చేసుకుంటే తయారీ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. మీ మేనల్లుడు అక్కడ నిశ్చింతగా చేసుకుంటున్నది అందుకే.

'ఉత్త సీసమే' అన్నారు. సెక్షన్ 2(1)(బి)లోని నిర్వచనం చూస్తే మందుగుండు సామగ్రి అంటే నిండు తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రసామగ్రి కూడా అందులోకే వస్తాయి. చేతిలో పట్టే చిన్న అచ్చు యంత్రమెలా అవుతుందని వాదించొచ్చు. మీ కేసు నాకొస్తే నేనూ వాదిస్తాను. కాకపోతే ఆ వాదన వినిపించేసరికి మీరు రిమాండ్‌లో ఉంటారు.

మీలాంటివారికి ఒక ఆశ కలిగించే నిబంధన ఉంది, సెక్షన్ 45(డి). ఆయుధాల, మందుగుండు తాలూకు చిన్న భాగాలు ఎవరి దగ్గరైనా ఉండి, వాటిని మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే ఈ చట్టం వర్తించదు. అయితే అది కొనడం, దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం గురించే చెబుతుంది, తయారీ గురించి కాదు. పైగా మీ విషయంలో ఉద్దేశం దాచినా దాగదు. బీరువాలో అదే సైజు రివాల్వర్ ఉంది. మందు 'ప్రస్తుతానికి' వద్దని మీరే రాశారు. ఫిషింగ్ హార్బర్‌లో వలలకు కట్టే బరువులూ సీసంతో పోసినవే, వాటిని ఎవరూ పట్టుకోరు. .32 సైజులో, చుట్టూ గాడులు ఉండి, ఆ గాడుల్లో మైనం నింపిన గుండు బారెల్‌లోంచి పోవడానికి తప్ప దేనికి పనికొస్తుంది? మైనం, కోటింగ్ వేయడం విడిగా నేరమని చట్టంలో ఎక్కడా లేదు. కానీ ఉద్దేశాన్ని రుజువు చేసేవి అవే. ప్రాసిక్యూషన్ పని మీరే సగం చేసిపెట్టినట్టు.

శిక్ష గురించి చాలామందికి పాత లెక్కే గుర్తుంది. లైసెన్సు లేని తయారీకి ఒకప్పుడు మూడేళ్ల నుంచి ఏడేళ్లు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 25(1)(ఎ) కింద కనీసమే ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం, జరిమానా అదనం. సెక్షన్ 3 కేసుల్లో ప్రాసిక్యూషన్‌కు ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సెక్షన్ 5కి ఆ అడ్డు కూడా లేదు. దీనికి తోడు రివాల్వర్ లైసెన్సు సస్పెండ్ చేయడానికి, రద్దు చేయడానికి సెక్షన్ 17 ఉండనే ఉంది.

మీ మేనల్లుడి టెన్షన్ వేరు. లైసెన్సు లేకుండా మందుగుండు దేశంలోకి తేవడం సెక్షన్ 10కి విరుద్ధం, దానికీ జైలు శిక్ష ఉంది. అచ్చును ఆ నిర్వచనం కింద లెక్కగట్టారంటే ఎయిర్‌పోర్టులోనే కస్టమ్స్ వాళ్లు ఆపుతారు. పండక్కి వచ్చిన పిల్లాడు లాయర్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆటోనగర్ స్నేహితుడు కూడా తెలిసే కోటింగ్ వేస్తే, తయారీలో ఒక దశ ఆయన చేశాడని పోలీసులు రాస్తారు. అవి దేనికో తనకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఖర్చు భరించలేకపోతే దారి ఒకటే. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర అవసరమైనన్నే కొనండి. బిల్లులు దాచుకోండి, ఎన్ని కొన్నారు, ఎన్ని పేల్చారు, ఎన్ని మిగిలాయో రాసి పెట్టుకోండి. లైసెన్సులో ఉన్న పరిమితి చాలకపోతే పోలీస్ కమిషనర్ కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రివాల్వర్ అసలు వాడటమే లేదనుకుంటే డీలర్ దగ్గర డిపాజిట్ చేయడం గురించి కూడా అక్కడే అడగండి.

ఒకవేళ ఇప్పటికే కొన్ని గుండ్లు పోసి ఉంటే, వాటిని ఎక్కడో పారేయడమో, మీ అంతట మీరే స్టేషన్‌కు వెళ్లి చెప్పడమో చేయకండి. ముందు క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ను కలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.