రివ్యూలకి జవాబులు రాయకు తల్లీ

చిన్నీ,

నీ నవల డిసెంబర్‌లో వచ్చేస్తోందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. నాలుగొందల ఇరవై పేజీలు, అదీ ఇంగ్లీషులో, ఫెయిరీల మీద, పగలంతా గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని రాశావు. మన రెండు కుటుంబాల్లో పుస్తకం రాసిన మనిషి ఇంతవరకు లేదు. మీ పెదనాన్న అయితే వాకింగ్‌లో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారు. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అంది, గుడ్‌రీడ్స్‌లో అమెజాన్‌లో వచ్చే ప్రతి రివ్యూకీ నువ్వే జవాబు ఇద్దామనుకుంటున్నావట, తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళకి ఓపిగ్గా వివరిస్తావట. అది విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. అందుకే ఇంత పొడుగు మెసేజ్ పెడుతున్నా, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ముందు చిన్నచిన్నవి చెప్పేస్తా. పుస్తకం రాకముందే నువ్వు ఎవరికి కాపీలు పంపావో వాళ్ళని "చదివారా, ఎంతవరకు వచ్చారు" అని వేధించకు. బుక్ ఫెయిర్‌కి వెళ్ళే రోజు ఏదైనా తిని వెళ్ళు, ఎన్టీఆర్ స్టేడియంలో జనం కదిలితే దుమ్మే దుమ్ము, నీకసలే పడదు, మాస్క్ మర్చిపోకు. స్టాల్లో ఎవరైనా నీ పుస్తకం తీసి తిరగేస్తుంటే ఎదురుగా నిలబడి వాళ్ళ మొహం చూడకు, కాస్త పక్కకి జరుగు, లేకపోతే పాపం మొహమాటానికి కొంటారు, అలా కొన్న పుస్తకం ఇంటికెళ్ళి అల్మారాలో పడుంటుంది.

స్టార్ల సంగతి కూడా తెలుసుకో. గుడ్‌రీడ్స్‌ వాళ్ళే రాసిపెట్టుకున్న అర్థం ప్రకారం రెండు స్టార్లంటే పర్లేదు అని, మూడంటే నచ్చింది అని, నాలుగంటే బాగా నచ్చింది అని. మనకేమో క్యాబ్‌లకీ బిర్యానీలకీ అయిదు స్టార్లు కొట్టీ కొట్టీ అలవాటైపోయి అంతకంటే తక్కువొస్తే ఏదో ఘోరం జరిగినట్టు అనిపిస్తుంది. మూడు స్టార్లు చూసి నాకు ఏడుస్తూ ఫోన్ చేశావంటే ఊరుకోను, చెప్తున్నా.

ఇంకోటి, మీ బాబాయ్ మన ఫ్యామిలీ గ్రూపులో అందరి ఫోన్ల నుంచీ అయిదేసి స్టార్లు వేయిద్దామని మొదలుపెట్టాడు, చూశావో లేదో. ఆపు. అమెజాన్‌లో రచయిత ఇంటివాళ్ళు, దగ్గరి స్నేహితులు రివ్యూలు రాయకూడదని రూలే ఉంది, వాళ్ళు పట్టుకుంటే తీసేస్తారు. రూల్ లేకపోయినా వద్దు. పుస్తకం తెరవనివాళ్ళ పొగడ్త పక్కన చదివినవాడి మాట పెడితే ఎవరికైనా తేడా తెలిసిపోతుంది, అప్పుడు నిజంగా నచ్చి రాసినవాళ్ళని కూడా నమ్మరు. బాబాయ్‌తో నేను మాట్లాడతాలే, నువ్వు చెప్తే నొచ్చుకుంటాడు.

ఇప్పుడు అసలు విషయం.

నేను వీక్లీలో సబ్ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో పాఠకుల ఉత్తరాల పేజీ నాదే, నీకు తెలుసు కదా. ఎనభైల నాటి మాట. అప్పుడు ఒకాయన, పేరు వద్దులే, మా పత్రికలో జానపద సీరియల్ రాసేవారు. మంచి రచయిత, అందులో అనుమానం లేదు. వారం వారం ఆయన పేరు మీద కట్టలకొద్దీ కార్డులొచ్చేవి, అన్నీ పదిహేను పైసల పోస్టుకార్డులే, కొందరు చోటు చాలక అడ్రస్ పక్కన నిలువుగా కూడా రాసేవాళ్ళు. వాళ్ళలో జనగామ వైపు నుంచి ఒక కంపౌండర్ గారు ఉండేవారు. వారం తప్పకుండా రాసేవారు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి దాచి బైండు చేయించుకునే మనిషి. ఒకసారి ఆయన ఏం రాశారంటే, మూడో వారంలో గంధర్వుడికి ఎడమ కన్ను పోయిందన్నారు, పదకొండో వారంలో రెండు కళ్ళా ఏడ్చాడన్నారు, ఇందులో ఏది సరైనదో తెలుపగలరు అని. అంతే. ఒక్క పొల్లు మాట లేదు, కింద నమస్కారాలు కూడా పెట్టారు.

ఆ మధ్యాహ్నం రచయితగారు ఆఫీసుకి వచ్చి కార్డు చూశారు. నా బల్ల దగ్గరే నిలబడి రెండుసార్లు చదివారు, మొహం ఎర్రబడింది, అందులో ఉన్నది నిజం కాబట్టే ఆయనకి అంత మండింది. నా దగ్గరే కాగితం తీసుకుని అక్కడికక్కడే జవాబు రాసేశారు. కళ్ళు లెక్కపెట్టేవాళ్ళ కోసం నేను కథలు రాయను, కథ చదవడం చేతకానివాళ్ళు సీసాల్లో మందు కలుపుకుంటూ కూర్చోవచ్చు అని. ఎడిటర్‌గారికి అది భలే నచ్చింది, ఆ కార్డునీ కింద ఈ జవాబునీ కలిపి వేయించారు, కంపౌండర్‌గారి పేరుతో, ఊరి పేరుతో సహా. ఆ వారం ఆఫీసులో అందరూ నవ్వుకున్నారు.

పది రోజులకి ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. "తమరిని నొప్పించినందుకు మన్నించగలరు. మా ఊళ్ళో అందరూ చదివారు." ఆ రెండు ముక్కలే. నమస్కారాలు పెట్టలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. ఆయనొక్కరే కాదు, నెమ్మదిగా ప్రశ్నలు అడిగే కార్డులన్నీ ఆగిపోయాయి. అద్భుతం, అమోఘం అనేవి మాత్రం వస్తూ ఉండేవి, రచయితగారికి అవి చూసి తృప్తిగానే ఉండేది. ఏడాది తిరిగాక ఆ సీరియల్ పుస్తకంగా వచ్చింది. తెరిచి చూస్తే ఒంటికన్ను గంధర్వుడు అలాగే రెండు కళ్ళా ఏడుస్తున్నాడు. చెప్పే మనిషిని తరిమేసుకున్నాక ఇంకెవరు చెప్తారు.

ఆ కంపౌండర్‌గారు పుస్తకాన్ని ఎంత ప్రేమిస్తే అంత శ్రద్ధగా చదివి ఉంటారు, ఎనిమిది వారాల కిందటి కన్ను గుర్తుపెట్టుకోవడం మాటలా? నీకూ అలాంటివాళ్ళు వస్తారు, ఖచ్చితంగా వస్తారు. అప్పట్లో ఉత్తరానికీ జవాబుకీ మధ్య కనీసం వారం ఉండేది, అయినా ఇంత జరిగింది. ఇప్పుడు అర్ధరాత్రి ఒంటిగంటకి ఫోన్ నీ చేతిలోనే ఉంటుంది, కోపంలో ఒక ముక్క టైప్ చేస్తే తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ ఊరంతా తిరుగుతుంది. 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఇంకా మొదటి నవల కూడా రాని ఒకావిడ దొంగ అకౌంట్లు పెట్టి తోటి రచయితల పుస్తకాలకి ఒక్కో స్టార్ వేసిందని బయటపడి, పబ్లిషర్ ఆవిడ పుస్తకాన్నే ఆపేశారు. నువ్వు అలాంటి పని చేయవని నాకు తెలుసు. కానీ అక్కడిదాకా వెళ్ళినవాళ్ళందరూ మొదట్లో ఇలా అర్ధరాత్రి రివ్యూలు చదువుకుంటూ కూర్చున్నవాళ్ళే అయ్యుంటారు.

నీ నవల ప్రింటవుట్ మొత్తం చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. మూడు రోజుల దాహంతో ఉన్న పిల్ల వెండి గిన్నెలో తేనె కలిపిన నీళ్ళు ముక్కుదాకా తెచ్చుకుని, వాసన చూసి, తాగితే ఇంక ఇంటికి పోలేనని గుర్తొచ్చి కింద పెట్టేస్తుందే, అక్కడ నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. అంత బాగా రాశావు. అయినా రకరకాల మాటలొస్తాయి. ఫెయిరీలంటే రెక్కలున్న బుల్లి పిల్లలు అనుకుని కొన్నవాళ్ళు ఇంత భయంకరంగా ఉందేంటి అంటారు. ఐర్లండ్, స్కాట్లండ్ పాత కథలు ఎరిగినవాళ్ళు ఇంకోలా చదువుతారు, ఆ కథల్లో ఫెయిరీలు మట్టిదిబ్బల కింద ఉంటారు, మనుషుల్ని ఎత్తుకుపోతారు, ఇనుమంటే పడదు, పేరు పెట్టి పిలవడానికి భయపడి జనం "మంచివాళ్ళు" అని పిలిచేవాళ్ళు. అవి ఎరిగిన పాఠకులు ప్రతి చిన్న విషయం పట్టుకుంటారు. నేనే ఒకటి పట్టుకున్నా. 212వ పేజీలో ఫెయిరీ రాణి కోట తలుపుకి ఇనుప గొళ్ళెం పెట్టావు, రాణి చేత్తో తీసింది కూడా! ఇంకా ప్రింటుకి వెళ్ళకపోతే వెంటనే మార్చు.

మనవాళ్ళు ఇంకోటి అంటారు, మన యక్షులూ గంధర్వులూ ఉండగా ఈ విదేశీ దయ్యాలెందుకమ్మా అని. చందమామ చదువుకుంటూ, విఠలాచార్య సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళు అలా అడగడంలో తప్పు లేదు. ఇది నీకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటుంది, సొంతవాళ్ళ నోటి నుంచి వస్తుంది కాబట్టి. దానికి జవాబు రాయడానికి అస్సలు కూర్చోకు.

పిల్లల్ని మార్చేసే చాప్టర్ గురించి ఒక మాట. ఉయ్యాల్లో బిడ్డని తీసుకుపోయి ఫెయిరీ బిడ్డని పెడతారు కదా, తల్లి ఇది నా బిడ్డ కాదు అంటుంది. ఆ నమ్మకంతో నిజంగా ప్రాణాలు పోయాయి చిన్నీ, 1895లో ఐర్లండ్‌లోని టిప్పరరీలో బ్రిజెట్ క్లియరీ అనే ఆవిడని, ఈమె నా భార్య కాదు, మార్చేసిన మనిషి అని భర్తే కాల్చి చంపాడు. నువ్వు రాసింది బాగుంది, తీసేయమనడం లేదు. కానీ బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఆ చాప్టర్ దగ్గర పుస్తకం మూసేసి ఒక్క స్టార్ ఇచ్చిందనుకో, ఆవిడకి నువ్వేం వివరిస్తావు? ఆ స్టార్ వెనకాల ఏముందో నీకు ఎప్పటికీ తెలియదు. వదిలెయ్.

కిండిల్‌లో శాంపుల్ కింద దాదాపు పదో వంతు ఫ్రీగా ఇస్తారు, అంటే నీ పుస్తకంలో మొదటి నలభై పేజీలు. ఆ నలభై పేజీల్లో పిల్ల ఇంకా దిబ్బ దాటనే లేదు, అంతా రాజసభ, వంశాలు, పేర్లు, ఎవరు ఎవరి మేనల్లుడో నేను కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది. చాలామంది అక్కడే ఆగిపోయాం అంటారు. ఎందుకు ఆగామో వాళ్ళు చెప్పే కారణం కరెక్ట్ కాకపోవచ్చు, ఏం మార్చాలో వాళ్ళిచ్చే సలహా అస్సలు పనికిరాకపోవచ్చు, కానీ ఎక్కడ ఆగారన్నది మాత్రం నిజం. వేర్వేరు మనుషులు ఒకే చోట ఆగుతున్నారంటే రెండో భాగం రాసేటప్పుడు అది నీ ఎదురుగా ఉండాలి.

ఎప్పుడో ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నీ సంతకం ఉన్న కాపీ కనపడుతుంది, "ప్రేమతో" అని ఎవరికో రాసిచ్చింది. గుండె కలుక్కుమంటుంది. బేరం చేసి నువ్వే కొనేసుకోకు. అక్కడ నిలబడి నాలుగు పేజీలు చదివి జేబులోంచి యాభై రూపాయలు తీసేవాడి కోసం వదిలెయ్.

నా భయం ఏంటో దాచుకోకుండా చెప్పేస్తా. తొమ్మిదో క్లాసులో నీ బొమ్మని అందరి ముందూ పట్టుకుని టీచర్ ఏదో అంది. ఆ రోజు నుంచి నువ్వు మళ్ళీ బ్రష్ ముట్టుకోలేదు. ఆ రంగుల డబ్బా ఇప్పటికీ మీ అమ్మ దగ్గరుంది. ఇప్పుడు ఎవరో మొహం తెలియని మనిషి అన్న మాటకి నువ్వు రాయడం కూడా మానేస్తే నేను తట్టుకోలేను.

అందుకని ఇలా చేద్దాం. పుస్తకం వచ్చిన రోజు ఆ యాప్‌లు రెండూ నీ ఫోన్‌లోంచి తీసెయ్. నెల రోజులు రివ్యూలన్నీ నేను చదువుతా, నా ఉద్యోగమే అది కదా ఇన్నేళ్ళూ. తిట్లు నా దగ్గరే ఉంచుకుంటా, కేవలం పొగడ్తలు కూడా అంతే. ఎక్కడ ఆగారు, ఎక్కడ అర్థం కాలేదు, ఏ పేజీలో తప్పుంది, ఎవరికి ఏ సీన్ గుర్తుండిపోయింది, ఇవన్నీ పేజీ నంబర్లతో నోట్‌బుక్‌లో రాసి పెడతా. మొదటి ఎంట్రీ ఆ గొళ్ళెం. నెల తర్వాత ఆదివారం చిక్కడపల్లికి రా, కూర్చుని చూద్దాం. గుడ్‌రీడ్స్‌లో అకౌంట్ ఎలా తెరవాలో మాత్రం ఈ వారం ఫోన్ చేసి చెప్పు, మీ పెదనాన్నకి రావట్లేదు.

మీ పెద్దమ్మ