యోసెఫ్ కారో: ధర్మశాస్త్రకర్త, మార్మికుడు ఒకరేనా?

'షుల్హన్ అరుఖ్' అనే యూదు ధర్మశాస్త్ర సంగ్రహాన్ని కూర్చిన యోసెఫ్ కారో, ఒక అదృశ్య స్వరం తనతో పలికిన మాటలను 'మగ్గిద్ మెషారిమ్'లో నమోదు చేసుకున్న యోసెఫ్ కారో వేర్వేరు వ్యక్తులా అని మీరు అడిగారు. ఇద్దరూ ఒక్కరే. ఆయన 1488లో జన్మించి, 1575లో గలిలయలోని సఫెద్ పట్టణంలో మరణించారు.

మీ సందేహానికి ముఖ్య కారణం ముద్రణ కాలాల అంతరమేమో అనిపిస్తున్నది. 'షుల్హన్ అరుఖ్' ఆయన జీవించి ఉండగానే, 1565లో, వెనిస్‌లో అచ్చయింది. ఆ స్వరం మాటల నమోదు పుస్తకమైన 'మగ్గిద్ మెషారిమ్' మాత్రం 1646లో గాని లుబ్లిన్‌లో వెలుగు చూడలేదు. అయితే యూదుల షావువోత్ పండుగ రాత్రి అధ్యయన సమయంలో కారో నోటివెంటే ఆ స్వరం వెలువడిందని మిత్రుడైన ష్లోమో అల్కబెట్స్ లేఖలో వర్ణించారు గనుక, ఆ పుస్తకాన్ని తరువాతివారి కల్పనగా కొట్టివేయడం తేలిక కాదు. ఆ స్వరం తనను మిష్నాగా, అంటే ఆయన వల్లెవేసే ధర్మగ్రంథంగానే, పరిచయం చేసుకున్నది.

తీర్పులలో మాత్రం ఆయన సాధారణంగా అల్ఫాసీ, మైమొనిడీస్, ఆషేర్ బెన్ యెహియేల్ అనే ముగ్గురు పూర్వ ధర్మశాస్త్ర పండితులలో అధికుల అభిప్రాయాన్నే స్వీకరించారు. మార్మిక గ్రంథమైన 'జోహర్' ప్రవేశించేది యూదు ధర్మచర్చల మూలగ్రంథమైన తల్ముద్ స్పష్టంగా చెప్పనిచోట: పండుగ నడిమి రోజులలో తెఫిలిన్ (ప్రార్థనవేళ చేతికి, నుదుటికి కట్టుకునే, లేఖన భాగాలున్న తోలు పెట్టెలు) ధరించరాదన్న నిర్ణయానికి తన విస్తృత ధర్మశాస్త్ర వ్యాఖ్య 'బేత్ యోసెఫ్'లో ఆయన చూపిన ఆధారం అదే. మీరు ముందుగా ఆ చర్చను చదవండి.