పై అంతస్తు బెడ్‌రూమ్‌కి టన్ను ఏసీ సరిపోతుందా?

విజయవాడలో పై అంతస్తు ఇల్లు, 11×12 బెడ్‌రూమ్, ఒక పక్క పడమటి గోడ, వేసవిలో రాత్రి ఎనిమిది గంటల వాడకం అని రాశారు. టన్ను చాలా, టన్నున్నర కావాలా, 3 స్టారా, 5 స్టారా అని అడిగారు. టన్నున్నర ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) స్ప్లిట్ తీసుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మేం టన్ను కొని రెండు వేసవులు ఇబ్బంది పడ్డాం.

మాది గుంటూరు. కింద ఒక వాటా, పైన ఒక వాటా. పైన మా బెడ్‌రూమ్ 10×12. "120 అడుగులే కదండీ, టన్ను బాగా సరిపోతుంది" అన్నారు షాపులో. మామూలు లెక్కలో అది తప్పేమీ కాదు. మార్చిలో బిగించాం, ఏప్రిల్ సగం దాకా హాయిగానే ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజులు వచ్చేసరికి 24 పెట్టినా గది 29 నుంచి కిందికి దిగేది కాదు. మెకానిక్ రెండుసార్లు వచ్చి చూసి గ్యాస్ సరిగ్గానే ఉందన్నాడు. ఒకరోజు రాత్రి 11 గంటలప్పుడు స్టూలెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించాను. పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలా ఉంది. పడమటి గోడా అంతే. పగలంతా తాగిన ఎండని అవి రాత్రి గదిలోకి వదులుతున్నాయి. ఏసీ శక్తి అంతా ఆ సిమెంటుకే సరిపోతోంది, ఇంక మనుషులకేం మిగులుతుంది?

మూడో ఏడు ఆ ఏసీని విప్పించి కింద నాన్నగారి గదిలో పెట్టించాం. అదీ 10×12 గదే. మే నెలలో కూడా పావుగంటలో 25కి వచ్చేసింది. మిషను అదే, గది కొలత అదే. మారిందల్లా నెత్తి మీద ఎండ పడే స్లాబు లేకపోవడం.

అందుకే నేను గది కొలత కంటే ముందు గది మీద ఏముందో అడుగుతాను. పైన ఇంకో అంతస్తు ఉంటే 120 చదరపు అడుగుల దాకా టన్ను, 180 దాకా టన్నున్నర చాలు. స్లాబు నేరుగా ఎండలో ఉంటే ఒక మెట్టు పైకి వెళ్లాలి. మీ గది 132 అడుగులు, టన్ను గీతని కాస్తే దాటింది కాబట్టి టన్నున్నర చాలు, రెండు టన్నులు వద్దు. మరీ పెద్దదైతే గది గబగబా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఆ జిగట ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. టన్ను అంటే దాదాపు 3.5 కిలోవాట్ల చల్లదనం, ఆ లెక్కన టన్నున్నర అంటే 5.2 పైచిలుకు రావాలి. కానీ టన్నున్నర అని అమ్మేవాటిలో 4.8 ఉన్నవీ ఉంటాయి. స్టార్ లేబుల్ మీద కూలింగ్ కెపాసిటీ అని రాసి ఉంటుంది, అది 5 కిలోవాట్లు, అంటే 5000 వాట్లు దాటిందే తీసుకోండి. పైగా ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. మనకి మేలో 44, 45 దాకా వెళ్లే రోజులూ ఉంటాయి, అప్పుడు ఇంకా తగ్గుతుంది.

స్టార్ల విషయానికొస్తే, లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉండేది 1600 గంటల వాడకానికి. మీరు రోజుకి 8 గంటలు, అయిదు నెలలు వేస్తే 1200 గంటలు. రెండు లేబుళ్ల మధ్య తేడా 200 యూనిట్లు అనుకుందాం, మీ వాడకానికి అది 150. యూనిట్ 8 రూపాయలైతే ఏడాదికి 1200 మిగులుతుంది. 5 స్టార్‌కి 8 వేలు ఎక్కువ పెడితే తిరిగి రావడానికి ఆరేడేళ్లు. రాత్రికే అయితే 3 స్టార్ చాలు. ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉండి పగలూ వేస్తారంటే మాత్రం 5 స్టార్‌కే వెళ్లండి.

అద్దె ఇల్లయి, గోడకి విండో ఏసీ ఖాళీ ఇప్పటికే ఉంటే విండో కూడా మంచిదే, మారినప్పుడు విప్పి తీసుకెళ్లడం తేలిక.

డబ్బులు మిగిలితే డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ స్లాబు వేడి తగ్గించడానికే. మేం టన్నున్నర పెట్టిన ఏడాదే పెయింటూ వేయించాం. ఇప్పుడు 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే తెల్లవార్లూ దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాం.

బిగించే రోజు మాత్రం దగ్గరుండండి. టన్నున్నరకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపే స్విచ్) ఉండాలి. అవుట్‌డోర్ యూనిట్‌ని పడమటి ఎండలోనో, గాలి ఆడని డక్ట్‌లోనో పెట్టనివ్వకండి. పైపులు కలిపాక వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ తీసేయాలి. చాలామంది కొంచెం గ్యాస్ వదిలి గాలి పోయిందంటారు, ఒప్పుకోకండి. పంపు తెస్తున్నారా అని ముందే ఫోన్‌లో అడగండి. తేకుండా వస్తే, పంపు తెచ్చుకున్నాకే బిగించమని చెప్పండి.