సమాధానం: క్లబ్‌లో ఏ పాత హారర్ సినిమా వేయాలి?

ఫిల్మ్ క్లబ్‌లో మాట్లాడటానికి పాత అమెరికన్ హారర్ సినిమాలు చూస్తుంటే, నల్లజాతివాళ్లు భయంతో వణికే పనివాళ్లుగానే కనిపిస్తున్నారు, ఏది చూపించాలో తేలడం లేదని రాశారు. టెన్షన్ పడకండి. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' వేయండి. శవాలు లేచి నడుస్తూ మనుషుల మీద పడుతుంటే, కొందరు ఒక ఇంట్లో చిక్కుకుపోయే కథ ఇది.

అందులో హీరో బెన్ పాత్ర వేసింది డువేన్ జోన్స్. ఆ పాత్రను నల్లజాతి మనిషి కోసమని రాయలేదు. ఆడిషన్‌లో ఆయనే బాగా చేశారని దర్శకుడు జార్జ్ రొమెరో తీసుకున్నారు. సినిమాలో ఎవరూ బెన్ రంగు ఊసే ఎత్తరు. తలుపులకు చెక్కలు కొట్టేది, తుపాకీ పట్టేది, ఏం చేయాలో చెప్పేది అంతా అతనే. అదే ఇంట్లో చిక్కుకుని, సెల్లార్‌లో దాక్కుందామనే కూపర్ అనే తెల్లవాడితో గొడవపడే సీన్లు శ్రద్ధగా చూడండి.

ఇక చివరి సీన్. రాత్రంతా బతికి బయటపడ్డ బెన్ తెల్లవారాక కిటికీ దగ్గరికి వస్తాడు. ఆ నడిచే శవాలను వేటాడుతూ తుపాకులతో వచ్చిన తెల్లవాళ్లు, అతన్నీ అలాంటి శవమే అనుకుని బయటి నుంచి కాల్చేస్తారు. తర్వాత పేపర్ ఫొటోల్లాంటి స్టిల్స్‌లో అతని శవాన్ని కొక్కేలతో లాగుతారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదే ఇది విడుదలైంది. నాకైతే ఆ ఫొటోలు ఇప్పటికీ గుండె పిండేస్తాయి.

టైటిల్ మార్చినప్పుడు కాపీరైట్ నోటీసు పోవడంతో అమెరికాలో ఇది పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దీనిపై ఎవరికీ కాపీరైట్ లేదు, కాబట్టి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

టైముంటే నల్లజాతి వాంపైర్ కథతో వచ్చిన 1972 నాటి 'బ్లాక్యులా' కూడా చూడండి.